పక్షులకు చలివేంద్రము



వేసవి వచ్చినతోడనే బాటసారులకు చలివేంద్రములు పెట్టుట మన దేశమున తొంటినుండి వచ్చుచున్న యాచారము. అమరకోశమున దీనికి ప్రప యను పేరు కలదు. గృహస్థునకు విధింపబడిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞ మొకటి. తాను భుజించుటకు ముందు పక్షులు మొదలగు ప్రాణులకు అన్నము పెట్టుట దాని లక్షణము. ఆ యాచారము పలుయిండ్ల నిలిచియున్నను, నీటిమాట తలంచువారు తక్కువ. కావున పెరటిలో పక్షులకు నీటిపాత్ర నమర్చు విధము నీ మాసమున విన్నవించెదను.

పక్షులకు మనవలె చెమట పట్టదు. నోరు తెఱచి వగర్చుటచే లోనితడి యావిరియై వాని దేహము చల్లబడును. అందుచే నెండ ముదిరినకొలది వానికి నీరు హెచ్చుగా కావలయును. త్రాగుటకే కాదు, స్నానమునకును కావలయును. ఈకల దుమ్ము కడిగికొని, తోకమొదట నుండు గ్రంథిలోని నూనెను ముక్కుతో రాచుకొనినగాని రెక్కలు చక్కగా పనిచేయవు.

పాత్రకై ధనము వ్యయింప నక్కఱలేదు. కుమ్మరివద్ద దొరకు వెడల్పైన మట్టిమూకుడు గాని, పూలకుండీ క్రింద నుంచు మట్టిపళ్లెము గాని చాలును. అంచున అర అంగుళము, నడుమ రెండంగుళములకు మించని లోతు ఉండవలెను. పిచ్చుకవంటి చిన్నపిట్ట లోతునీట దిగనేరదు. పాత్ర లోతైనచో గులకరాళ్లు పేర్చవలెను. నున్నని పింగాణిపై కాళ్లు జాఱును. లోహపాత్ర యెండకు కాగిపోవును. గరుకైన మట్టిపాత్రయే శ్రేష్ఠము.

దానిని మూడడుగుల యెత్తుగల దిమ్మపై, గోడనీడ పడుచోట నుంచుడు. పొదను ఆనించి యుంచిన పిల్లి పొంచియుండును. మఱీ బయలున నుంచిన పక్షి బెదరినపుడు దాగుటకు చోటుండదు. పొదకు ఆఱేడడుగుల దూరము తగియుండును. మేడలపై నివసించువారు పిట్టగోడ నీడను పెట్టవచ్చును.

కొన్ని యిండ్ల అత్తగారలు, నీరు నిలువయున్నచో దోమలు పుట్టునని యీ పనికి అడ్డుచెప్పుదురు. వారి మాట త్రోసివేయదగినది కాదు. డెంగీజ్వరమును వ్యాపింపజేయు దోమ, కాళ్లపై తెల్లచాఱలు గలది, పగటివేళ కుట్టునది, ఇట్టి చిన్నపాత్రలలోని నీటినే కోరును. గ్రుడ్డునుండి దోమ యగుటకు వారము పదిదినములు చాలును. అది తన గ్రుడ్లను నీటియంచున పాత్రగోడకే యంటించును. నీరెండినను అవి నెలల తరబడి చెడక, మరల నీరు పోసినపుడు పిల్లలగును. కనుక పాతనీటిపై క్రొత్తనీరు పోయుట వ్యర్థము. పక్షిని కాపాడబోయి ఇంటిబిడ్డను జ్వరము పాలుచేయరాదు గదా!

దీనికి ఉపాయము సులభము. ప్రతిదినము ఉదయమున ఆ నీటిని చెట్టుమొదట పాఱబోసి, పాత్ర లోపలను అంచును కొబ్బరిపీచుతో గట్టిగా తోమి, క్రొత్తనీరు పోయుడు. ఇందువలన పాచి పట్టదు; రెట్టలు పడిన నీటిద్వారా ఒక పక్షి రోగము మఱొకదానికి సోకుటయు తగ్గును. సబ్బు వాడకుడు. రెండు పాత్ర లుంచుకొని వారమున కొకమాఱు మార్చుచు, తీసినదానిని తోమి, మరగునీరు పోసి, ఎండలో పెట్టుట మంచిది. ఈకలు ఉబ్బించుకొని ఎగురలేక కూర్చున్న పక్షి కనబడినచో కొన్నాళ్లు పాత్రను తీసివేయుడు. కడిగిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనుట మఱవకుడు.

సెలవులకు పుట్టింటికి పోవునపుడు పొరుగింటివారికి ఈ పని యొప్పగింపుడు; అట్టివారు లేనిచో పాత్రను బోర్లించి పొండు. వానకాలమున పెరటిమూల మఱచిన మూకుడే అన్నిటికంటె అపాయకరము. ప్రతిదినము కడుగుట కోపిక లేనివారు పాత్ర పెట్టకుండుటయే మేలు.

ఇంట ఎనిమిది పదియేండ్ల పిల్ల లున్నచో, పెద్దలు దగ్గఱ నుండి యీ పనిని వారిచేత చేయింపుడు. గోరువంక యెప్పుడు వచ్చినది, పికిలిపిట్ట ఎట్లు మునిగినది యని వారే వచ్చి చెప్పుదురు. భూతదయను గూర్చి మనము వారికి వేఱుగా పాఠము చెప్పవలసిన పని యుండదు.