బొమ్మరైలుకు కంప్యూటరు సారథ్యం: ఎంపికలో ముందుగా అడగవలసిన ప్రశ్న

దుబాయి మెట్రో 2009 సెప్టెంబరు 9న ప్రారంభమైన నాటి నుండి డ్రైవరు లేకుండానే నడుస్తున్నది. ఈ దేశంలో పెరుగుతున్న మన పిల్లలకు కంప్యూటరు రైలును నడపడం వింత కాదు. కనుక ఇంట్లో బల్లమీద బొమ్మరైలు పట్టాలు పరచిన కొద్ది వారాలకే దానిని కూడా కంప్యూటరుతో నడపాలని వారు కోరడం సహజం. అప్పుడు ఏ సాఫ్ట్‌వేరు తీసుకోవాలన్న చర్చ మొదలవుతుంది. తెరమీది బొమ్మ ఎంత అందంగా ఉన్నది, ఎన్ని సదుపాయాలున్నవి అని చూచి ఎంపిక చేసేవారే ఎక్కువ. నేను మాత్రం ముందుగా వేరొక ప్రశ్న అడుగుతాను. ఆ సాఫ్ట్‌వేరును రేపు వదలుకోవలసి వస్తే, అందులో మనం చేసిన పని మన వెంట వస్తుందా?

గల్ఫులో నివసించేవారికి ఈ ప్రశ్న మరీ అవసరం. ఇక్కడ వీసాకూ, ఉద్యోగానికీ, అద్దె ఇంటికీ గడువులున్నవి. ఈ యేడు షార్జాలో పరచిన పట్టాలను పై యేడు విజయవాడలో పరచవలసి రావచ్చు. పట్టాలూ ఇంజన్లూ పెట్టెలో ఇముడుతాయి. ఒక్కొక్క ఇంజనుకు వేగాన్ని సరిదిద్దుతూ, ఒక్కొక్క బ్లాకు పొడవు కొలిచి నమోదు చేస్తూ గడిపిన సెలవు దినాల శ్రమ ఎక్కడ ఇముడుతుంది?

ప్రాత పద్ధతిలో పట్టాలకిచ్చే వోల్టేజిని పెంచితే వేగం పెరిగేది. ఒకే పట్టాలమీద రెండు ఇంజన్లుంటే రెండూ కదిలేవి. డి.సి.సి. అనే డిజిటల్ పద్ధతిలో పట్టాలకు ఎప్పుడూ పూర్తి వోల్టేజి అందుతుంది. దాని ధ్రువత మారే వ్యవధిలోనే సందేశం ఉంటుంది. అర్ధ స్పందన 58 మైక్రోసెకన్లయితే ‘ఒకటి’, 100 మైక్రోసెకన్లో అంతకు మించో అయితే ‘సున్న’. ప్రతి ఇంజనులోని డీకోడరు తన చిరునామాతో వచ్చిన ఆజ్ఞనే పాటిస్తుంది. జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ పద్ధతి ఆధారంగా అమెరికాలోని ఎన్.ఎం.ఆర్.ఎ. 1990లలో దీనిని ప్రమాణంగా రూపొందించింది. అందువల్లనే ఒక సంస్థ తయారుచేసిన ఇంజను మరొక సంస్థ పరికరంతో నడుస్తున్నది. సాఫ్ట్‌వేరు దాచుకొనే ఫైలుకు మాత్రం అందరూ పాటించే ఇటువంటి ప్రమాణం లేదు.

రసాయన ప్రయోగశాలలలో ఈ బాధ మాకు చిరపరిచితం. వర్ణపటమాపకాలు ఒక్కొక్క తయారీదారు సొంత రూపంలో ఫలితాలను భద్రపరచేవి. సాఫ్ట్‌వేరు కాలం చెల్లితే ఆ ఫలితాలూ మూగవోయేవి. అందుకే పరారుణ వర్ణపటాల కోసం 1988లో జెక్యాంప్-డి.ఎక్స్. అనే సాదా అక్షరాల రూపాన్ని ప్రకటించారు. దానిని ఏ కంప్యూటరులోనైనా తెరచి చదువవచ్చు.

బొమ్మరైళ్ళ రంగంలో ఈ గుణమున్నది జె.ఎం.ఆర్.ఐ. ఉచితంగా లభించే ఈ సాఫ్ట్‌వేరు ఇంజన్ల వివరాలను ఎక్స్.ఎం.ఎల్. అనే పాఠ్యరూపంలో దాస్తుంది. విండోస్, మాకింతోష్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. దీనిని ఆరంభించిన బాబ్ జాకబ్‌సెన్ భౌతిక శాస్త్రవేత్త. ఇందులోని డీకోడరు వివరాల ఫైళ్ళను కర్తల పేర్లు లేకుండా ఒక వాణిజ్య సాఫ్ట్‌వేరులో వాడుకున్నారని ఆయన వేసిన దావాలో, 2008 ఆగస్టులో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ న్యాయస్థానం, ఉచితంగా పంచే సాఫ్ట్‌వేరు లైసెన్సులోని షరతులను కూడా కాపీరైటు చట్టం కింద అమలు చేయవచ్చునని తీర్పునిచ్చింది. ఉచితంగా పంచే సాఫ్ట్‌వేరు అంతటికీ అండగా నిలిచిన ఈ తీర్పు బొమ్మరైళ్ళ తగాదాలో పుట్టిందని చాలామంది ఎరుగరు!

వాణిజ్య సాఫ్ట్‌వేర్లను నేను తక్కువ చేయడం లేదు. అనేక రైళ్ళను కాలపట్టిక ప్రకారం తమంతట తాముగా నడిపించి, ప్లాట్‌ఫారం వద్ద అనుకున్న చోటనే ఆపడంలో జర్మనీ వారి ట్రెయిన్‌కంట్రోలర్ వంటివి సుఖతరం. జె.ఎం.ఆర్.ఐ.లో అదే ఫలితానికి ఓపికతో కూర్చోవాలి. ఒకే ఊరిలో స్థిరపడినవారు అంత డబ్బు పెట్టడాన్ని నేను కాదనను.

అయితే ఏ సాఫ్ట్‌వేరైనా రైలు ఎక్కడున్నదో తెలియనిదే దానిని ఆపలేదు. మన దక్షిణ మధ్య రైల్వేలో 2022 మార్చి 4న కవచ్‌ను పరీక్షించినప్పుడు, ఎదుట మరొక ఇంజనుండగా రైలు 380 మీటర్ల దూరంలోనే తనంతట తానుగా ఆగింది. అక్కడ కూడా మూలం స్థానజ్ఞానమే. బల్లమీద ఈ పనిని బ్లాకులలోని విద్యుత్ ప్రవాహాన్ని పసిగట్టే పరికరాలు చేస్తాయి. పెట్టెల ఇరుసులకు చిన్న నిరోధకాలు అమర్చకపోతే ఇంజను దాటిన బ్లాకులో మిగిలిన పెట్టెలు వాటికి కనబడవు. ఆ పైన ఈ ఎడారి ధూళి! పట్టాలు శుభ్రంగా లేకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా గ్రుడ్డిదే. కాబట్టి డబ్బును ముందు ఈ పరికరాలపై వెచ్చించడం మేలు.

సాఫ్ట్‌వేరు కొనే ముందు దాని పరీక్షాప్రతిని తెచ్చుకొని రెండు ఇంజన్లు, నాలుగు బ్లాకులు నమోదు చేయండి. దాచిన ఫైలును మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఇంజను పేరూ చిరునామా కంటికి కనబడితే సరి. కనబడకపోతే, వివరాలను పాఠ్యరూపంలో బయటకు తీసే వీలున్నదా, లైసెన్సును మరొక దేశంలోని మరొక కంప్యూటరుకు మార్చుకోవచ్చునా అని అమ్మేవారిని వ్రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చిన తరువాతనే డబ్బు చెల్లించండి.