ఒక్క దినపు యాత్ర

సెలవు దొరకినంతనే దూరపు కొండలకు పరుగిడు ఒంగోలు వాసులు, ప్రొద్దున బయలుదేరి దీపాలవేళకు ఇల్లు చేరదగినంత చేరువలో తమ పూర్వచరిత్ర శిలలపై వ్రాయబడి యున్నదని మరచుట శోచనీయము.

సింగరకొండపై నరసింహుని, దిగువ ప్రసన్నాంజనేయుని సేవించి మరలు భక్తులలో, చెంతనే యున్న అద్దంకిని చూడబోవువా రెందరు? గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు తొమ్మిదవ శతాబ్దిలో వేయించిన శాసనమందలి తరువోజ, నన్నయకు మున్నే తెలుగు పద్యము వేరూనెననుటకు సాక్షి. కొండవీటికంటె ముందు రెడ్డిరాజుల రాజధానియై, హరివంశకర్త ఎఱ్ఱాప్రగడ నాదరించిన ప్రోలయ వేమారెడ్డి కొలువు తీరినదియు ఆ యూరే.

తీరమున మోటుపల్లి యున్నది. ఓడ పగిలి ఒడ్డుచేరిన వర్తకుని సొత్తును రాజులు హరించు దురాచారమును మాన్పి, సుంకము మాత్రమే గైకొందునని కాకతి గణపతిదేవుడు 1244లో అభయమిచ్చిన రేవది. పరదేశి కష్టమును తన లాభముగా నెంచని ఆ రాజనీతి నేటికిని పాఠ్యమే.

కావున ప్రతి శాసనముచెంత సులభమైన తెలుగున నొక ఫలకము నిలుపుటయు, ఏటేట బడిపిల్లల నచటికి గొనిపోవుటయు మన కర్తవ్యములు. దేవునికి మ్రొక్కిన చేతులతోనే శిలను తడవి చదువుట నేర్చిననాడు గదా యాత్ర సఫలమగుట!