పులిహోరతో పాటు ఓ కథ

సెలవులొస్తే మా ఇంట్లో ఎత్తిపోతల జపం! ఈసారీ పులిహోర, దద్దోజనం కట్టుకుని మాచర్ల మీదుగా వెళ్ళాం. చంద్రవంక 70 అడుగుల ఎత్తునుంచి దూకుతుంటే మావాడు కిందికి దిగుతానన్నాడు. మడుగులో మొసళ్ళున్నాయనగానే నా కొంగు వదల్లేదనుకోండి.

అందరూ ఫొటో దిగి, తినేసి వెనక్కెళ్ళిపోతారు. ఇన్నేళ్ళూ మేమూ అంతే. ఈసారి అనుపు కూడా చూశాం.

సాగర్ డ్యాం కడితే నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపారు. బయటపడ్డ కట్టడాల్లో కొన్నింటిని కొండమీదికీ, అనుపుకీ తరలించి మళ్ళీ పేర్చారు. అనుపులో మెట్లు మెట్లుగా ఉన్న రంగస్థలం అలా దక్కిందే. లోయ మాత్రం నీళ్ళపాలైంది.

ఇంకో సంగతి చెప్పనా? సుమారు 1700 ఏళ్ళ కిందట అక్కడ మహాచైత్యం కట్టించింది ఓ స్త్రీ! ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి తోబుట్టువు చాంతిశ్రీ. బోధిశ్రీ అనే ఉపాసికైతే సింహళ భిక్షువుల కోసం చైత్యగృహమే కట్టించింది. శాసనాల్లో ఉంది ఇదంతా. "ఆడవాళ్ళ పేర్లు కూడా చెక్కారా అమ్మా!" అని మా అమ్మాయి ఒకటే ఆశ్చర్యం. ఆ పక్కనే రాతిమీద ఎవడో మేకుతో తన పేరూ, ప్రియురాలి పేరూ గీకిపోయాడు. వాణ్ణేమనాలి చెప్పండి?

కొండమీది మ్యూజియానికి విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాలి. శుక్రవారం సెలవు. మంచినీళ్ళు ఎక్కువే పట్టుకెళ్ళండి. తిన్న విస్తళ్ళు మాత్రం అక్కడ పారేయకుండా సంచిలో వేసుకు రండేం!