యాడ్-ఆన్లు చూడకుండా అప్‌గ్రేడా?

కుబెర్నెటీస్ వెర్షన్ ముందు పెంచేద్దాం, యాడ్-ఆన్ల సంగతి తర్వాత చూసుకుందాం అన్న మాట మన ఐటీ టీముల్లో పాతుకుపోయింది. ముందే ఒక్కో యాడ్-ఆన్ కొత్త వెర్షన్‌కు పొసగుతుందో లేదో చూడమంటే పనికి అడ్డం పడ్డట్టు లెక్క. ఈ ధోరణి తప్పు. నెట్‌వర్క్, డీఎన్ఎస్, డిస్కులు, లాగులు చాలావరకు యాడ్-ఆన్ల చేతుల్లోనే ఉంటాయి. కంట్రోల్ ప్లేన్ కొత్త వెర్షన్‌కు చేరిందన్న కబురు వాటి గురించి ఏమీ చెప్పదు. హిరమండలం నుంచి గొట్టాల్లో వచ్చే వంశధార నీటి కోసం చూసే శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ మోటార్లు ఎంత బాగా తిరిగినా, ఊరి దగ్గర వాల్వు పనిచెయ్యకపోతే బిందె నిండదు.

2023 మార్చి 14న రెడిట్ 314 నిమిషాల పాటు మూలనపడింది. ఒక క్లస్టర్‌ను 1.23 నుంచి 1.24కు పెంచారు. నోడ్ల మీదున్న ‘మాస్టర్’ అనే పాత లేబుల్ ఆ వెర్షన్‌తో పోయింది. నెట్‌వర్క్ నడిపే కాలికోను మాత్రం రూట్ రిఫ్లెక్టర్లను ఆ లేబుల్‌తోనే గుర్తుపట్టేలా ఏళ్ల కిందట అమర్చారు. లేబుల్ లేదు, రిఫ్లెక్టర్లు దొరకలేదు, దారులన్నీ తెగిపోయాయి. స్టేజింగ్‌లో పరీక్షిస్తే చాలదా అంటారు. ఆ అమరిక ఉన్నది పెద్దవి, పాతవి అయిన క్లస్టర్లలోనే. అది తెలిసినవాళ్లు అప్పటికే వేరే పనుల్లోకి, వేరే కంపెనీల్లోకి వెళ్లిపోయారు. లేని అమరికను ఏ స్టేజింగూ పరీక్షించలేదు. పోనీ వెనక్కి వెళ్దామా అంటే, కుబెర్నెటీస్‌లో కంట్రోల్ ప్లేన్‌ను పాత వెర్షన్‌కు దించే అధికారిక మార్గం అప్పట్లో లేదు. రెడిట్ వాళ్లు బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టుకోవాల్సి వచ్చింది.

క్లౌడ్ కంపెనీయే చూసుకుంటుందన్న ధీమా కూడా నిలవదు. అమెజాన్ ఈకేఎస్‌లో 1.23కు వెళ్లేముందే ఈబీఎస్ డిస్కుల డ్రైవర్‌ను వినియోగదారుడే పెట్టుకోవాల్సి వచ్చింది. పెట్టకుండా పెంచితే ఆ డిస్కుల మీద నడిచే పాడ్లకు అంతరాయం కలిగే ప్రమాదం ఉండేది. తొలగించిన ఏపీఐలను వెతికే టూళ్లు ఉన్నాయి, మంచివే. 1.22లో పోయిన పాత ఇన్‌గ్రెస్ బీటానీ, 1.25లో పోయిన పాడ్ సెక్యూరిటీ పాలసీనీ అవి పట్టిస్తాయి. రెడిట్‌ను ముంచిన లేబుల్ మాత్రం ఏపీఐ కాదు. 1.24లో డాకర్‌షిమ్ తీసేసినప్పుడూ అంతే: లాగులు పోగుచేసే ఏజెంట్ డాకర్ సాకెట్‌ను మౌంట్ చేసుకుంటోందా అన్నది దాని యామల్ ఫైలు తెరిచి చదివితే తెలుస్తుంది.

ఆలస్యమైతే ప్రమాదం కదా అన్న అభ్యంతరం ఒక్కటే బలమైనది. ఏడాదికి మూడు వెర్షన్లు వస్తాయి, ఒక్కోదానికి సుమారు 14 నెలలే మద్దతు, ఆ తర్వాత భద్రతా ప్యాచ్‌లు ఆగిపోతాయి. నిజమే. కానీ తనిఖీ వాయిదా కాదు. పాత, కొత్త వెర్షన్లు రెండింటితోనూ నడిచే విడుదలలు చాలా యాడ్-ఆన్లకు ఉంటాయి. వాటిని మామూలు పనిదినాల్లో ఒక్కొక్కటిగా ముందే మార్చుకోవచ్చు. అలా చేసిన టీముకు అప్‌గ్రేడ్ రాత్రి మిగిలేది కంట్రోల్ ప్లేన్, నోడ్ల పని మాత్రమే.