సమాన ఉపాధి అవకాశాల కమిషన్‌కు బహిరంగ లేఖ

అమెరికా సమాన ఉపాధి అవకాశాల కమిషన్ గౌరవ అధ్యక్షులకు, సభ్యులకు:

కేవలం అసమ ప్రభావం ఆధారంగా దాఖలైన ఫిర్యాదులను, అంటే పైకి అందరికీ ఒక్కటిగానే కనిపిస్తూ ఆచరణలో ఒక జాతివారినే ఎక్కువగా వడపోసే పరీక్షలు, నిబంధనలపై వచ్చిన అర్జీలను, 2025 సెప్టెంబరు 30 నాటికి మూసివేయాలని కమిషన్ తన క్షేత్ర కార్యాలయాలను ఆదేశించింది. ఏ ఫిర్యాదులో ఎంత బలముందో విడివిడిగా తూచకుండా అన్నింటినీ ఒకే గాటన కట్టడం విచారణ ఎలా అవుతుంది? అసమ ప్రభావ కేసులను పక్కన పెట్టాలంటూ ఆ ఏప్రిల్‌లో దేశాధ్యక్షుడు జారీ చేసిన ఉత్తర్వు ప్రభుత్వ ప్రాధాన్యాలను మార్చగలదు గాని, అటువంటి ప్రభావాన్ని నిషేధిస్తూ 1991లో కాంగ్రెస్ పౌర హక్కుల చట్టంలోనే చేర్చిన నిబంధనను రద్దు చేయగలదా?

నార్త్ కరోలినాలోని డ్యూక్ పవర్ కంపెనీ ఉదంతం కమిషన్‌కు తెలియనిది కాదు. అంతవరకు నల్లజాతి కార్మికులను లేబర్ విభాగానికే పరిమితం చేసిన ఆ సంస్థ, పౌర హక్కుల చట్టంలోని ఉపాధి నిబంధనలు అమల్లోకి వచ్చిన 1965 జూలై 2 నాడే మిగతా విభాగాల్లో చేరేవారికి రెండు సామర్థ్య పరీక్షలు పెట్టగా, పనికి సంబంధం లేని అటువంటి వడపోత ఏ ఉద్దేశంతో పెట్టినా చెల్లదని 1971లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. నాడు ఆ న్యాయస్థానం ఎంతో విలువనిచ్చినది ఈ కమిషన్ మార్గదర్శకాలకే.

స్వయంగా దావా వేసుకునే దారి మిగిలే ఉందని కమిషన్ అనవచ్చు. అయితే అసమ ప్రభావాన్ని రుజువు చేసే నియామక లెక్కలు యజమాని బీరువాలో ఉంటాయి. విచారణ దశలోనే వాటిని సమన్లతో రప్పించగల అధికారం కమిషన్‌ది, ఒంటరి కార్మికుడిది కాదు. ఫిర్యాదు చేసి అదే యజమాని కింద కొనసాగుతున్నవారి గతేమిటి? ప్రతీకార చర్య, అంటే ఫిర్యాదు చేసినందుకు బదిలీ, హోదా తగ్గింపు, తొలగింపు వంటివాటితో శిక్షించడం, ఫైలు మూసినా నేరుగా చట్టవిరుద్ధమే. కాని 2020 ఆర్థిక సంవత్సరంలో కమిషన్‌కు అందిన ఫిర్యాదుల్లో 55.8 శాతం ప్రతీకారాన్ని ఆరోపించినవే. ప్రతీకారం లేకుంటే ఆ శిక్షే పడేది కాదని ఉద్యోగే నిరూపించాలని 2013లో సుప్రీంకోర్టు భారం పెంచింది. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువే దక్కే హెచ్-1బీ వీసా ఉద్యోగికి, తెలుగువారెందరో ఉన్న ఆ వర్గానికి, ఫైలు మూస్తూ కమిషన్ ఇచ్చే, 90 రోజుల్లో దావా వేయవచ్చన్న నోటీసు ఏపాటి ధైర్యమిస్తుంది? ఇన్ని తెలిసీ మౌనమెందుకు?

కాంగ్రెస్ రద్దు చేయని చట్టాన్ని కమిషన్ పక్కన పెట్టరాదు. మూసిన ఫైళ్లపై తగిన పునరాలోచన చేయవలసిందిగా, కనీసం ఆ ఫిర్యాదుదారులకు సమాధానమైనా చెప్పవలసిందిగా విజ్ఞప్తి.