రెండు పుస్తకాల సంసారం

పితృతిథి మరిచిపోయిన వాడు మా వంశంలో ఇంతవరకు లేడు. ఆ అప్రతిష్ఠ నాతో మొదలు కావలసింది, వెంట్రుకవాసిలో తప్పింది.

మా నాన్నగారి తిథి కార్తీక బహుళ షష్ఠి. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఆ తిథిని ఇంగ్లీషు తేదీలోకి మార్చి, బల్లమీది కంప్యూటరు క్యాలెండరులో ఎక్కించాను. రెండు రోజులు ముందుగా జేబులో ఫోను గంట కొడుతుంది గదా అని నిశ్చింతగా ఉన్నాను. ఫోను నోరు విప్పలేదు. ముందునాటి సాయంత్రం జవాబు పత్రాలు దిద్దుకుంటూ ఉంటే అమ్మ వచ్చి, "భోక్తలతో చెప్పావుట్రా?" అంది.

కలం జారిపోయింది. "మిషన్లో వేశాను, బెంగ లేదన్నారుగా!" అంది మా ఆవిడ. రాత్రి తొమ్మిది గంటలకు పురోహితులవారి వాకిట నిలబడ్డాను. ఆయన దయవల్ల గట్టెక్కాను.

మర్నాడు భోజనాలయ్యాక ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి తీరిగ్గా విచారణ జరిపింది. "కంప్యూటరు తప్పూ లేదు, ఫోను తప్పూ లేదు నాన్నా! మీరు రాసింది ఒక పుస్తకంలో, ఫోను చదివేది ఇంకో పుస్తకం" అని తీర్పు చెప్పింది.

సంగతేమిటంటే, థండర్‌బర్డ్ వంటి ప్రోగ్రాములో మొదటినుంచీ 'హోమ్' అనే క్యాలెండరు ఒకటి ఉంటుంది. అందులో రాసింది ఆ పెట్టె గడప దాటదు. ఫోను చూసేదేమో ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ క్యాలెండరు. ఈ రెంటికీ చుట్టరికం మనమే కలపాలి.

కలపటానికి రెండు దారులున్నాయి. మొదటిది ఐ.సి.ఎస్. లింకు. 1998లో ఏర్పడిన ఐక్యాలెండర్ పద్ధతి దీనికి ఆధారం. దీనివల్ల గూగుల్‌లో ఉన్నది కంప్యూటరులో కనిపిస్తుందేగాని, ఇక్కడ రాసి అక్కడికి పంపటం కుదరదు. పక్కింటివారి పత్రికను గోడమీదుగా చదవటం వంటిది. రెండవది కాల్‌డావ్. 2007లో ప్రమాణంగా వెలువడింది. ఇటు రాస్తే అటు, అటు దిద్దితే ఇటు మారుతుంది. మనకు కావలసింది ఇదే.

పని పెద్దదేమీ కాదు. థండర్‌బర్డ్‌లో 'న్యూ క్యాలెండర్' నొక్కి, 'ఆన్ ది నెట్‌వర్క్' ఎంచుకుని, జీమెయిల్ చిరునామా ఇచ్చి, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళితే మన క్యాలెండర్ల జాబితా వస్తుంది. కావలసినవాటికి టిక్కు పెట్టటమే. ఆ పైన కొత్త సంగతి రాసేటప్పుడల్లా అది ఏ క్యాలెండరులోకి పోతున్నదో ఒక్కసారి చూసుకోవాలి. నేను చూడనిది అదే.

రెండు జాగ్రత్తలు. లింకునూ కాల్‌డావ్‌నూ రెంటినీ పెట్టుకుంటే ప్రతి పెళ్ళీ రెండుసార్లు కనిపిస్తుంది. ఇక, సింక్ అంటే దాచిపెట్టటం కాదు. ఒకచోట కొట్టేస్తే రెండోచోటా పోతుంది. గూగుల్ చెత్తబుట్టలో సుమారు 30 రోజులు ఉంటుంది గనుక అంతలోగా తెలివి తెచ్చుకోవాలి.

యంత్రానికి అందని సంగతి ఒకటున్నది. 'ఏటేటా' అని పెట్టామా, అది ఇంగ్లీషు తేదీనే పట్టుకు వేళ్ళాడుతుంది. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే. తిథి మరుసటి ఏడు పదకొండు రోజులు ముందుకు జరగవచ్చు. అధికమాసం వస్తే వెనక్కూ పోవచ్చు. కనుక ప్రతి ఉగాదికీ పంచాంగం చూసి చేత్తో ఎక్కించక తప్పదు.

ఈ ఉగాదినాడు ఆ పని ముగించి, ఫోనులో పడిందో లేదో చూసుకుని, "రెండు చోట్లా వచ్చిందమ్మా!" అన్నాను గర్వంగా.

అమ్మ కళ్ళజోడు సవరించుకుని, "ఆ తేదీ ఏదో నాకూ ఓసారి చెప్పరా. నేనూ గుర్తుంచుకుంటాను, ఎందుకైనా మంచిది" అంది.