సాగు ఖర్చు తగ్గింది సరే, ఇంటి ఖర్చు సంగతేంటి?

పై వీడియోలో మా వేదాద్రి చేలో జీవామృతం కలపడం చూశారు కదా. 200 లీటర్ల నీళ్లు, 10 కేజీల పేడ, ఆవు మూత్రం, 2 కేజీల బెల్లం, 2 కేజీల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. అన్నీ కొలిచే వేస్తాం. ఇంట్లో ఖర్చు పెట్టేటప్పుడు మాత్రం ఆ కొలత ఉండదు. ఈ రోజు దాని గురించే చెప్పాలనిపించింది.

2023లో గుంటూరు యార్డులో మిర్చి క్వింటా 20 వేలు దాటింది. ఇక ఎప్పుడూ ఇదే ధర అనుకున్నాం. నేనూ అంతే. ఇంటి మీద ఒక గది వేశాను, బండి వాయిదాల్లో కొన్నాను. 2025 వచ్చేసరికి ధర ఎంత పడిపోయిందంటే, ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ధర తగ్గింది గానీ వాయిదా తగ్గలేదు.

నాకు ఇంకో తప్పు కూడా ఉంది. మేం కారం, పసుపు, కందిపప్పు నేరుగా అమ్ముతాం. ఆర్డర్ డబ్బు ఫోన్‌లో పడుతుంది. అదే ఫోన్‌తో కిరాణా, పెట్రోలు, పెళ్లి చదివింపులు. చేతిలో డబ్బు ఆడుతుంటే లాభంలో ఉన్నామనే అనుకున్నా. తీరా కోత కూలీలకు ఇవ్వాల్సిన రోజు చూస్తే ఖాతాలో ఏమీ లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి 50 వేలు తెచ్చాను. నెలకు వెయ్యి, ఏడాదికి 12 వేలు. మందుల కొట్టుకు కట్టకుండా మిగిల్చిన డబ్బు వడ్డీకి కట్టినట్టయింది.

అప్పుడు మా ఆవిడ ఒకటే మాట అడిగింది: "ఈ ఫోన్‌లో ఉన్న డబ్బులో మనది ఎంత?" నా దగ్గర జవాబు లేదు. డిప్లొమాలో సాగు ఖర్చు లెక్క కట్టడం నేర్పారు, ఇంటి ఖర్చు లెక్క ఎవరూ నేర్పలేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇంటి ఖర్చు అదుపులో లేకపోతే పెట్టుబడి లేని సాగు కూడా రైతును కాపాడదు. అందుకే ఇప్పుడు మేం ఇలా చేస్తున్నాం:

1. రెండు ఖాతాలు. చేను, అమ్మకాల డబ్బు ఒక దాంట్లో, ఇంటిది ఇంకో దాంట్లో. ఇంటి ఖాతా మా ఆవిడ చేతిలో ఉంటుంది.

2. ఇంటికి జీతం. "రైతుకు జీతం ఏంటండీ, డబ్బు ఏడాదికి ఒకసారేగా వచ్చేది" అంటారు. అందుకే కావాలి. పంట డబ్బు రాగానే కూలి, విత్తనం, అప్పు పక్కన పెట్టి, మిగిలింది పన్నెండు నెలలకు పంచుతాం. ఆ నెల జీతం అయిపోతే కొనాల్సింది వచ్చే నెలకే.

3. పంట రుణం పంటకే. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులో కడితే 4 శాతమే. అదే 50 వేలకు ఏడాదికి 2 వేలు. ఆ డబ్బు ఫంక్షన్లకు వాడితే గడువు దాటుతుంది, మళ్లీ రెండు రూపాయల వడ్డీ గుమ్మం ఎక్కాల్సిందే. కౌలు రైతుకు ఈ రుణం దొరకడమే కష్టం, కాబట్టి వాళ్లకు ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి.

4. వంటగదికి చేను. మిరపలో అంతర పంటలుగా, గట్ల మీద కూరగాయలు, ఆకుకూరలు, కంది వేస్తున్నాం. ముందు ఇంటికి, మిగిలితే సంతకు.

పిసినారిగా బతకమని నేను అనట్లేదు. నరసింహస్వామి కల్యాణానికి చుట్టాలు రావాలి, పిల్లలకు కొత్త బట్టలు కొనాలి. కాకపోతే ఆ ఖర్చు ముందే పుస్తకంలో రాసి ఉండాలి.

మా అప్పు ఇంకా పూర్తిగా తీరలేదు, సగం ఉంది. కానీ ఇప్పుడు మా ఆవిడ అడిగితే, మనది ఎంతో పుస్తకం చూసి చెప్పగలను. ఈ రాత్రి మీరూ ఇంట్లో కూర్చుని ఆ ఒక్క లెక్క వేయండి. జీవామృతం రేపు కలుపుకోవచ్చు.